రెండో శనివారం, ఆదివారం

నా పదవీ విరమణ సభలో మాట్లాడినవాళ్ళందరూ దాదాపు ఒకే మాట అన్నారు. ముప్పై ఏళ్ళు దాటిన సర్వీసులో నేను టైప్ చేసిన ఆర్డర్లలో ఒక్క తప్పు కూడా దొర్లలేదట. శాలువా కప్పుకుని కుర్చీలో కూర్చున్న మనిషి లేచి కాదనడం బాగుండదు కనుక ఊరుకున్నాను. తప్పు ఉంది. దానికి మెమో కూడా ఉంది. కోర్టు ఉద్యోగాల్లో కొత్తగా చేరుతున్న పిల్లలకి పనికొస్తుందేమోనని ఇప్పుడు చెబుతున్నాను.

నేను రాజమండ్రి కుటుంబ న్యాయస్థానంలో స్టెనోగా పనిచేశాను. జడ్జి గారు చెబుతుంటే షార్ట్‌హ్యాండ్‌లో రాసుకోవడం, దాన్ని ఇంగ్లీషులో టైప్ చేయడం, సంతకానికి పెట్టడం. పని అంతే. అయితే నాకు ఇంకో పేరు కూడా ఉండేది. అప్పటి జడ్జి గారు చాలా మంచివారు కానీ ఒక మాటతో సరిపోయే చోట నాలుగు మాటలు వాడేవారు. నేను టైప్ చేసేటప్పుడు అందులో రెండు తీసేసేదాన్ని. ఆయన చదువుకుని, "మీ చేతిలో పడితే నా ఆర్డరు నాకే చదవాలనిపిస్తుందమ్మా" అంటూ సంతకం పెట్టేవారు. ఆ మాట మిగతా కోర్టుల్లోకి కూడా పాకింది. పాకేటట్టు నేనే చూశాను.

ఒకసారి ఆయనకి బదిలీ వచ్చింది. వెళ్ళేలోపు పూర్తి చేయాల్సిన ఆర్డర్లు బోలెడున్నాయి. వాటిలో ఒక చిన్నపిల్ల కస్టడీ కేసు ఒకటి. తల్లి రాజమండ్రిలో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచరు. తండ్రిది భీమవరం వైపు. రొయ్యల చెరువుల్లో నీళ్ళు పరీక్షించి, రైతులకి ఏ మందు ఎంత వేయాలో చెప్పే పని. ఇద్దరూ విడిపోయారు. కూతురికి ఎనిమిదేళ్ళు. పాప తల్లి దగ్గరే ఉండాలి, నెలలో రెండు వారాంతాలు తండ్రి దగ్గర గడపాలి, రావులపాలెం బస్టాండులో ఎంక్వయిరీ కౌంటరు ముందు శనివారం పదింటికి తల్లి అప్పగించాలి, ఆదివారం ఐదింటికి తండ్రి అక్కడికే తెచ్చి దింపాలి. ఇదీ తీర్పు.

జడ్జి గారు చెప్పింది ఇది: "ప్రతి నెలా రెండవ, నాల్గవ శనివారములును, ఆ శనివారమునకు మరునాడు వచ్చు ఆదివారములును." తెలుగులో చెబితే ఇలా ఉంటుంది. నా పుస్తకంలో ఇలాగే రాసుకున్నాను. టైప్ చేసేటప్పుడు మాత్రం నవ్వొచ్చింది. శనివారానికి మరునాడు ఆదివారం కాక ఇంకేం వస్తుంది? ఆ ముక్క తీసేశాను. "ప్రతి నెలా రెండవ, నాల్గవ శనివారములు, ఆదివారములు" అని మిగిలింది. చక్కగా ఒక్క వరుసలో సరిపోయింది. ఆయన సంతకం పెట్టారు. వీడ్కోలు సభ జరిగింది. వెళ్ళిపోయారు.

మూడు నెలలు ఏ గొడవా లేదు. నాలుగో నెల ఒకటో తారీఖు ఆదివారం వచ్చింది.

మీరు ఒకసారి క్యాలెండరు తీసుకుని చూడండి. ఒకటో తారీఖు ఆదివారమైతే రెండో ఆదివారం ఎనిమిదిన వస్తుంది. రెండో శనివారం పద్నాలుగున వస్తుంది. అంటే రెండో శనివారం కంటే ఆరు రోజుల ముందే రెండో ఆదివారం వచ్చి వెళ్ళిపోతుంది. ముప్పై ఏళ్ళు క్యాలెండరు పక్కనే కూర్చుని పనిచేసినా నాకు ఈ సంగతి ఎప్పుడూ తట్టలేదు.

తండ్రి ఆదివారం చూసి లెక్కపెట్టుకున్నాడు. ఎనిమిది రెండో ఆదివారం కాబట్టి ఏడున ఉదయమే రావులపాలెం వెళ్ళి నిలబడ్డాడు. తల్లి శనివారం చూసి లెక్కపెట్టుకుంది. ఆమె పద్నాలుగున పాపని తీసుకెళ్ళింది. మధ్యలో ఫోన్లు నడిచాయి. ఇద్దరూ తమ తమ వకీళ్ళని అడిగారు. ఆయన వకీలు, "పద్నాలుగున మీరు వెళ్ళారంటే ఆవిడ చెప్పిన అర్థం ఒప్పుకున్నట్టే అవుతుంది, వెళ్ళకండి" అన్నారు. ఆమె వకీలు కూడా అంతకుముందు సరిగ్గా ఇదే సలహా ఇచ్చి ఏడున పంపనివ్వలేదు. నాలుగో వారానికి కూడా ఇదే వరస. ఆయన ఇరవై ఒకటిన వెళ్ళాడు, ఆమె ఇరవై ఎనిమిదిన వెళ్ళింది. ఆ నెల మొత్తం మీద పాప తండ్రిని చూడలేదు.

నెల తిరిగేసరికి రెండు పిటిషన్లు వచ్చాయి. భార్య ఆర్డరు ధిక్కరించింది, పాపని నాకే అప్పగించండి అని ఆయన. ఈయన వస్తానని రాకుండా పిల్లని బస్టాండులో కూర్చోబెట్టాడు, ఈ వారాంతాలు మొత్తం రద్దు చేయండి అని ఆమె. కొత్త జడ్జి గారు వచ్చి అప్పటికి నెలన్నర అయింది. మితభాషి. మొదట్లో ఆయన వచ్చినందుకు సంతోషించాను. తీసేయడానికి ఏమీ ఉండేది కాదు కాబట్టి, తర్వాత కొంచెం బెంగగా కూడా ఉండేది.

ఆ రెండు పిటిషన్ల ఫైళ్ళు నా బల్ల మీదకి వచ్చినప్పుడు ఆర్డరు వాక్యం చదివాను. బీరువాలోంచి పాత షార్ట్‌హ్యాండు పుస్తకం తీసి చూశాను. "మరునాడు వచ్చు" అన్న ముక్క అక్కడే ఉంది. నా గీతల్లో, నా చేత్తో.

మా సూపరింటెండెంటు గారి దగ్గరికి వెళ్ళి పుస్తకం చూపించాను. ఆయనకి షార్ట్‌హ్యాండు రాదు. అయినా కళ్ళజోడు పెట్టుకుని రెండు నిమిషాలు చూశారు.

"ఇది ఇంకెవరికైనా చూపించారా?" అన్నారు.

"లేదండి."

"చూపించకండి. ఆర్డరు మీద సంతకం ఎవరిది? జడ్జి గారిది. ఆయన చదువుకునే పెట్టారు గదా. ఇప్పుడాయన ఎక్కడో ఉన్నారు. మీ రిటైర్‌మెంటు ఇంకో ఏడాదిన్నరలో ఉంది. సర్వీసు రిజిస్టరులో మీ పేజీ ఎంత తెల్లగా ఉందో తెలుసాండి? ఈ కొత్త సారు ఏదో ఒక అర్థం చెప్పేస్తారు. అర్థాలు చెప్పడం వారి పని. మన పని కాదు."

ఆయన చెప్పినదాంట్లో నాకు నచ్చనిది ఏమీ లేదు. పుస్తకం బీరువాలో పెట్టేశాను.

కానీ ఫైళ్ళలో ఫోటోలు ఉన్నాయి. సాక్ష్యానికి ఇద్దరూ ఫోటోలు తీసి పెట్టారు. ఆయన ఫైల్లో ఏడో తారీఖు ఫోటో. ఎంక్వయిరీ కౌంటరు ముందు సిమెంటు బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో రంగు పెన్సిళ్ళ డబ్బా. వెనకాల గడియారం నాలుగు చూపిస్తోంది. ఆమె ఫైల్లో పద్నాలుగో తారీఖు ఫోటో. అదే బెంచీ. స్కూలు బ్యాగు ఒళ్ళో పెట్టుకుని పాప కూర్చుంది. బస్సులు లోపలికి వచ్చే వైపు చూస్తోంది. తల్లి ఫోటో తీస్తున్నట్టు కూడా దానికి తెలియదు. రెండు ఫోటోల వెనకా ఎగ్జిబిట్ నంబర్లు వేశాను.

వాదనల రోజు వచ్చింది. తండ్రి తరఫు వకీలు గోడ క్యాలెండరు తెచ్చారు. తల్లి తరఫు వకీలు డైరీ తెచ్చారు. గోడ క్యాలెండరులో వారం ఆదివారంతో మొదలై శనివారంతో ముగుస్తుంది. డైరీలో సోమవారంతో మొదలై ఆదివారంతో ముగుస్తుంది. ఈ ఒక్క తేడా మీద ముప్పావు గంట గడిచింది. గోడ క్యాలెండరు ప్రకారం శని, ఆదివారాలు ఒక వారంలోవే కావని ఒకాయన అన్నారు. డైరీకి చట్టంలో విలువ లేదని ఇంకొకాయన అన్నారు. మధ్యలో ఒక జూనియరు లేచి, ఆర్డరు అక్షరాలా చూస్తే పాప ఎనిమిదిన ఆదివారం ఒక్కరోజు వెళ్ళి రావాలి, మళ్ళీ పద్నాలుగున శనివారం ఒక్కరోజు వెళ్ళి రావాలి అని చెప్పాడు. అతను చెప్పిందే నేను టైప్ చేసినదానికి దగ్గరగా ఉంది. సీనియరు గారు చొక్కా లాగి కూర్చోబెట్టేశారు.

జడ్జి గారు అంతా విని, "ఈ ఆర్డరు ఇచ్చినవారి ఉద్దేశం ఏమై ఉంటుంది?" అని ఎవరినీ చూడకుండా అడిగారు. కోర్టు హాల్లో అలాంటి ప్రశ్నలకి ఎవరూ జవాబు చెప్పరు. ఆయన బల్లకి ముందు, మెట్టు కింద నా బల్ల. నేను ఆ ప్రశ్న కూడా షార్ట్‌హ్యాండ్‌లో రాసుకున్నాను.

తర్వాత ఆయన పాపతో విడిగా మాట్లాడతానన్నారు. రాసుకోవడానికి నన్ను ఛాంబర్లోకి రమ్మన్నారు. బయట వరండాలోంచి బంట్రోతు పాపని తీసుకొచ్చాడు. రెండు జడలు వేసుకుని ఉంది. కుర్చీ ఎత్తుగా ఉండటంతో కాళ్ళు నేలకి అందలేదు.

"ఏ క్లాసమ్మా?" అన్నారు జడ్జి గారు.

"థర్డ్ క్లాసండి."

"లెక్కలు బాగా చేస్తావా?"

"అమ్మ చేయిస్తుందండి."

ఆయన కొంచెం ముందుకి వంగి, "నాన్న దగ్గరికి శనివారం వెళ్ళడం నీకు ఇష్టమేనా?" అని అడిగారు.

పాప ఆయన వైపు, నా వైపు చూసింది. ఏదో పరీక్షలో ప్రశ్న సరిగా అర్థం కానట్టు మొహం పెట్టింది.

"ఏ శనివారం అండి?" అంది.

ఆయన కలం కింద పెట్టేశారు. నేను రాసుకోవాల్సింది, రాసుకోలేదు. ఎనిమిదేళ్ళ పిల్ల తండ్రి దగ్గరికి వెళ్ళాలనుందా అంటే ఏ శనివారం అని అడుగుతోంది. ఏ శనివారమో తప్పుగా చెబితే ఎవరికో కోపం వస్తుందని దానికి తెలుసు.

"సర్, ఆ తప్పు నాదండి" అన్నాను. గట్టిగా అనాలనుకోలేదు కానీ ఆ గదిలో ఇంకే చప్పుడూ లేదు.

జడ్జి గారు పాపని బంట్రోతుతో బయటికి పంపి, "చెప్పండమ్మా" అన్నారు. చెప్పాను. పెద్ద కథేమీ లేదు, రెండు నిమిషాల్లో అయిపోయింది. ఆయన మొహంలో ఏ మార్పూ లేదు. "పుస్తకం ఉందా?" అని అడిగారు. ఉందన్నాను. "హాల్లోకి తీసుకురండి" అన్నారు.

బీరువా తాళం తీస్తుంటే సూపరింటెండెంటు గారు నన్నే చూస్తూ నిలబడ్డారు. బీరువా తలుపు బిగుసుకుంటే వచ్చి తనే లాగి తెరిచారు.

హాల్లో సంగతి చెప్పగానే తండ్రి తరఫు వకీలు లేచారు. "ఆవిడ గీతలు ఆవిడే రాసుకుని, ఆవిడే చదివి, ఆవిడే అర్థం చెబితే ఎలాగండి? ఆ పుస్తకంలో ఏముందో మాకెలా తెలుస్తుంది?" అన్నారు. న్యాయమైన అభ్యంతరమే. జడ్జి గారు పక్క కోర్టు స్టెనోని పిలిపించమన్నారు.

పక్క కోర్టు స్టెనోకీ నాకూ అయిదేళ్ళుగా మాటల్లేవు. నా గీతలు శాస్త్రం ప్రకారం ఉండవని ఆయన బార్ అసోసియేషను క్యాంటీన్లో అన్నట్టు నాకు తెలిసింది. ఆయనకి తెలుగులో టైప్ చేయడం రాదని నేను అన్నట్టు ఆయనకి తెలిసింది. రెండూ నిజమే. ఆయన వచ్చారు. కేసేంటో ఎవరూ చెప్పలేదు. పుస్తకం చేతికిచ్చి, వేలు పెట్టి చూపించి, అక్కడ్నుంచి చదవమన్నారు.

ఆయన తీరిగ్గా కళ్ళజోడు తుడుచుకున్నారు. చదవడం మొదలుపెట్టారు. రెండవ, నాల్గవ శనివారములును, అన్నారు. ఆగారు. పుస్తకాన్ని కిటికీ వైపు తిప్పారు. ఆయన చదవలేనంటే నా మాటకి విలువ లేదు. వేరేగా చదివితే నేను అబద్ధం చెప్పినట్టు.

"ఏమైందండి?" అన్నారు జడ్జి గారు.

"ఈ గీత పైకి పోవాల్సింది సర్, కిందికి పోయింది. మేడమ్ గారు ఎప్పుడూ దీన్ని ఇలాగే తప్పు రాస్తారు" అన్నారు. తర్వాత గొంతు సవరించుకుని, "ఆ శనివారమునకు మరునాడు వచ్చు ఆదివారములును. అంతేనండి" అన్నారు.

తల్లి తరఫు వకీలు మొహం వెలిగిపోయింది. మరునాడు వచ్చు ఆదివారం అంటే పద్నాలుగు, పదిహేను. తన కక్షిదారు చెప్పిందే నిజమని తేలింది. తండ్రి రెండుసార్లు రాకపోవడం రికార్డు మీద ఉంది కనుక పిటిషను మంజూరు చేయమన్నారు. వెనక బెంచీలో కూర్చున్న ఆ తండ్రి తల ఎత్తలేదు. చేతిలో ఫోను అటూ ఇటూ తిప్పుకుంటున్నాడు.

జడ్జి గారు తల్లి వైపు చూసి, "మీరేమంటారమ్మా?" అన్నారు.

ఆమె లేచి నిలబడింది. సన్నగా, మనిషి కొంచెం బిగుసుకుపోయినట్టు ఉంటుంది. "నేను చెప్పిందే కరెక్టని నాకు ముందే తెలుసండి" అంది. అక్కడితో ఆపేస్తుందనుకున్నాను. ఆపలేదు. "కానీ ఆయన పెట్టిన ఫోటో నేను ఇవాళే చూశానండి. రాలేదు, రాలేదు అనే అనుకున్నాను. ఏడో తారీఖున నాలుగింటి దాకా అక్కడే కూర్చున్నారంట. నాకు తెలీదు. రద్దు చేయొద్దండి. ఆ పోయిన రెండు వారాలు కూడా ఇచ్చేయండి."

ఆమె వకీలు ఏదో చెప్పబోయారు. ఆమె ఆయన వైపు ఒకసారి చూసింది. స్కూల్లో ఆమె క్లాసు ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో అప్పుడు తెలిసింది.

తండ్రి తన వకీలు అడక్కుండానే లేచాడు. "పద్నాలుగున నేనూ వచ్చుండాల్సిందండి. వద్దన్నారని ఆగిపోయాను. పాప కూర్చున్న ఫోటో చూశానండి" అన్నాడు. కూర్చున్నాడు.

రెండు పిటిషన్లూ మూసేశారు. టైపులో దొర్లిన పొరపాటుని సవరిస్తూ కొత్త ఆర్డరు ఇచ్చారు. దాని వెనక, ఏడాది మొత్తానికీ పాప వెళ్ళాల్సిన తేదీలన్నీ ఒక పట్టికగా వేసి జత చేయమన్నారు. పోయిన రెండు వారాంతాలకి బదులు వరుసగా రెండు ఇచ్చారు. నాకు సంజాయిషీ మెమో ఇచ్చారు. ఆ కోర్టులో స్టెనోని నేనొక్కదాన్నే కాబట్టి ఆ మెమో కూడా జడ్జి గారు నాకే చెప్పారు, నేనే టైప్ చేశాను. ఇకపై తమకు తోచిన విధంగా పదములు తగ్గించరాదని అందులో ఉంది. ఒక్క మాట కూడా తగ్గించలేదు.

సాయంత్రం వరండాలో వాళ్ళిద్దరి దగ్గరికీ విడివిడిగా వెళ్ళి క్షమించమని అడిగాను. తండ్రి, "ఫర్లేదులెండి మేడమ్" అన్నాడు. మాటవరసకి అన్నాడో, నిజంగానే అన్నాడో తెలియదు. తల్లి అంత తేలిగ్గా వదల్లేదు.

"మా పిల్లలు స్టెప్పు వదిలేసి ఆన్సరు రాస్తే నేను మార్కులు కట్ చేస్తానండి" అంది.

"చేయాలండి" అన్నాను.

"ఆ సంగతి మీరు చెప్పకపోతే ఏమయ్యేది?"

"తెలీదండి."

ఆమె, "సరే, చివరికైనా ఆ స్టెప్పు రాసిచ్చారు గదా" అని పాపని తీసుకుని వెళ్ళిపోయింది. సగం మార్కులు పడ్డాయనుకున్నాను.

పట్టిక టైప్ చేయడానికి రెండు రోజులు పట్టింది. గోడ క్యాలెండరుతో ఒకసారి, డైరీతో ఒకసారి సరిచూశాను. పక్క కోర్టు స్టెనో దగ్గరికి వెళ్ళి, ఒకసారి చూడమని అడిగాను. అయిదేళ్ళ తర్వాత మా ఇద్దరి మధ్య అదే మొదటి మాట. ఆయన అన్ని తేదీలూ చూసి, ఒక కామా తప్పు పట్టుకున్నారు. ఆయన సంతోషం చూసి నాకూ బాగానే అనిపించింది. నా సర్వీసు మొత్తంలో అంత నిర్దోషమైన కాగితం ఇంకోటి లేదు. ఎలా చదివినా ఒకటే అర్థం వస్తుంది. ఏ వకీలు గారూ అందులో వేలు పెట్టలేరు.

ఏడెనిమిది నెలల తర్వాత ఒకరోజు ఆ తండ్రి ఆర్డరు సర్టిఫైడు కాపీ కోసం ఆఫీసుకి వచ్చాడు. పాప స్కూలు మారుస్తున్నారట, అక్కడ అడిగారట. పాప కూడా వెంట ఉంది. పొడుగైంది. కౌంటరు మీదకి మోచేతులు ఆనించి లోపలికి తొంగి చూస్తోంది.

"ఇవాళ బుధవారం కదండీ?" అన్నాను. నోరు ఊరుకోలేదు.

ఆయన కొంచెం ఇబ్బందిగా నవ్వాడు. "స్కూలుకి సెలవండి. వాళ్ళమ్మకి పేపర్లు దిద్దే పని ఉందంట. రేపటి దాకా తీసుకెళ్ళమని ఫోన్ చేసింది. మొన్న శనివారం నాకు చెరువులో రొయ్యల పట్టుబడి ఉంటే, ఆ రోజు పంపొద్దని నేనే చెప్పాను. అలా అటూ ఇటూ సర్దుకుంటున్నామండి." ఆగి, గొంతు తగ్గించి, "మీరంత కష్టపడి తేదీలు వేసిచ్చారు. మేం మొదటి నెలే తప్పామండి. ఇది ఆర్డరు ధిక్కరించినట్టు అవుతుందా?" అని అడిగాడు.

కోర్టు ఉద్యోగిగా దానికి నేను జవాబు చెప్పకూడదు.

"ఎవరూ పిటిషను వెయ్యనంత వరకూ కోర్టుకి ఏమీ తెలియదండి" అన్నాను.

ఆయన కాపీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. పాప ఆయన చెయ్యి పట్టుకుని, ఆలస్యమైతే ఐస్‌క్రీమ్ బండి వెళ్ళిపోతుందని లాక్కుపోయింది. వాళ్ళు మెట్లు దిగాక ఆ ఫైలు తెరిచి నా పట్టిక ఒకసారి మొదట్నుంచి చివరిదాకా చూశాను. అందులో ఒక్క బుధవారం కూడా లేదు.